టిఫిన్ కింద కాగితాలు

“తనూ, టిఫిన్ కింద ఈ కాగితాలేంటి?”

స్కూలు విహారయాత్రకి బస్సెక్కే ముందు పిల్లల బ్యాగులు చూస్తున్న సుజని టీచర్ ఒక ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. లోపల రేషన్ కార్డు, దారం కట్టిన పాత కరెంటు బిల్లులు, హిందీలో రాయించిన అర్జీ ఉన్నాయి.

“దాదీనే రఖా హై, మేడమ్,” అంది మూడో క్లాసు తనుశ్రీ, నాయనమ్మే పెట్టిందని, బడిలో అలవాటైన హిందీలో.

గేటు దగ్గరున్న నాయనమ్మ వరహాలమ్మ గబగబా వచ్చింది. “నానే పెట్టానమ్మా. రాంచీలో పెద్దాపీసుకి కదా తీసుకెల్తన్నారు? సిన్నపిల్ల ఇత్తే ఆపీసరు కాదనడు. ఏటి సెప్పాలో వారం నుంచీ నేర్పినాను.”

తనుశ్రీ చేతులు జోడించి, మా ఇల్లు కూల్చకండని హిందీలో అప్పజెప్పింది. “సర్, హమారా ఘర్ మత్ తోడియే.”

వారం నుంచీ సుజని కూడా నేర్పుతూనే ఉంది. వరుసలో నడవాలి, దేన్నీ ముట్టుకోకూడదు. నది ఒడ్డున, తనుశ్రీ వాళ్ళదీ కలిపి, కూల్చబోయే ఇళ్ళకి ఎర్రగుర్తులు వేశారని ఆమెకీ తెలుసు.

“మామ్మగారూ, అక్కడిప్పుడు ఆఫీసు లేదు. తెల్లదొరల కాలం నాటి భవనమని, జనం చూడ్డానికి అలాగే ఉంచారు. ఖాళీ కుర్చీలే ఉంటాయి.”

“ఎవులూ ఉండరా?”

“కాపలావాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.”



“ఎవులూ లేని ఇంటికి ఇన్నేళ్ళ నుంచీ కాపలా కాత్తన్నారా అమ్మా? మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం కదా.”

డ్రైవరు హారన్ కొట్టాడు. సుజని ఆ కవరుని మళ్ళీ టిఫిన్ కిందే పెట్టి, జిప్పు వేసింది.

తనుశ్రీ జోడించిన చేతులు ఇంకా దించలేదు.