గంటన్నర

"ఇంకొక్కసారి నడిమిట్ల ఆట ఇడిచిపెట్టి పోయినవంటే, గా ఆట నా ఫోన్లకెళ్లి తీసేస్త. ఇగ రాను."

దుబాయ్ నుంచి మొగుడు మనోహర్ పంపిన మెసేజీ చదివింది సంధ్య. పొయ్యి మీది కూర దించి, కాళ్లకు దొరికిన చెప్పులు వేసుకుని, కోరుట్ల బస్టాండు పక్కనున్న చంద్రమౌళి మొబైల్ షాపుకు పరుగెత్తింది.

ఆట అంటే లూడో. పనివాళ్లుండే క్యాంపులో ఫోన్ మాట్లాడనివ్వరని, వీడియో కాల్ అక్కడ నడవదని మనోహర్ చెప్పాడు. ఎనిమిది నెలలుగా వాళ్లిద్దరూ ఎదురుబదురుగా కూర్చున్నట్టు ఉండేది ఆ ఆటలోనే. రోజూ మధ్యాహ్నం మన టైం ఒంటిగంటకు, అతని అన్నం వేళకు, ఒక అరగంట. ఆమె పాచిక వేస్తుంది, అతను వేస్తాడు, మధ్యలో నాలుగు మాటలు రాసుకుంటారు. కాపురమంతా అంతే. ఆ కాపురానికీ నాలుగు రోజులుగా దిష్టి తగిలింది. పాచిక వేయగానే 'మీ సమయం ముగిసింది' అంటూ ఆట ఆమెను బయటికి గెంటేస్తోంది. ఈమె కావాలనే పోతోందని అక్కడ అతని కోపం.

"అన్నా, ఎట్లన్న జెయ్యే. ఒంటిగంటకు మల్ల వస్తడు. ఇయ్యాల గూడ నన్ను ఎల్లగొట్టిందంటే నా బతుకు ఆగమైతది," అంది. అంటూనే ఏడ్చేసింది.

చంద్రమౌళి ఫోన్ తీసుకుని, గోడ గడియారం వంక చూశాడు. పన్నెండూ యాభై.

"చెల్లె, నీ ఫోన్ల పదకొండు ఇర్వై అయ్యిందేంది?"

అది దుబాయ్ టైమని సంధ్య కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. వాళ్ల గల్లీలో మొగుళ్లు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లందరూ ఫోన్లో మొగుడి టైమే పెట్టుకుంటారట. తిన్నాడా, పడుకున్నాడా అని రోజూ వేళ్ల మీద లెక్కపెట్టుకునే బాధ ఉండదట. మొన్న ఆదివారం పక్కింటి భాగ్య దగ్గర కూర్చుని, తన ఫోన్‌నూ గంటన్నర వెనక్కి తిప్పించుకుందట.

చంద్రమౌళి నెత్తి పట్టుకున్నాడు. ఛార్జర్ కొనడానికి వచ్చినవాళ్లకు కూడా కరెంటు గురించి పాఠం చెప్పే మనిషి. పైగా ఇవాళ అడిగి మరీ వచ్చిన శిష్యురాలు దొరికింది. ఏ రెండు ఫోన్ల గడియారాలూ అచ్చంగా కలవవనీ, పాచిక వేసిన కబురు ఆట కంపెనీ కంప్యూటరుకు చేరడం కూడా ఒక్కోసారి తొందరగా, ఒక్కోసారి ఆలస్యంగా జరుగుతుందనీ చెప్పాడు. సెకనో అరసెకనో తేడా ఉంటే ఆ కంప్యూటరే తన గడియారంతో సరిచూసుకుని సర్దుకుంటుందట.

"నువ్వేమో గంటన్నర ఎనుకకు తిప్పినవ్. నువ్వు గిప్పుడేసిన పాచిక గంటన్నర కిందనే ఏసినట్టు దానికి కనవడ్తది. నీ వంతు ఎప్పుడో అయిపోయిందని బయటికి తోస్తది."

"మరి ఆయనది గూడ దుబాయ్ టైమే గదనే. ఆయన్నెందుకు తోస్తలేదు?"

"చేత్తోని తిప్పకుంటే ఏ దేశంల ఉన్నా పరేషాన్ లేదు. ఆటోమేటిక్ మీద ఉంటే ఏ ఊర్లుంటే ఆ ఊరి టైం ఫోనే పట్టుకుంటది. లోపట లెక్క మాత్రం దునియాకంత ఒక్కటే."

చెబుతూనే ఆటోమేటిక్ బటన్ నొక్కాడు. ఫోన్‌లో టైం ఒక్కసారిగా ఒంటిగంటకు దూకింది. మనోహర్ వేళ చేతిలోంచి జారిపోయినట్టు సంధ్యకు ప్రాణం చివుక్కుమంది. ఎందుకైనా మంచిది, అటు ఫోన్ కూడా చూద్దామని, టైం సెట్టింగుల ఫోటో ఒకటి పంపమని అడగమన్నాడు చంద్రమౌళి. ఆమె గబగబా రాసి పంపింది.

మనోహర్ ఆటలోకి వచ్చాడు. సంధ్య పాచిక వేసింది. గెంటలేదు. రెండోసారి వేసింది. మూడోసారి ఆరు పడింది. 'ఇయ్యాల మంచిగాడుతున్నవ్' అని అటునుంచి వచ్చింది. నాలుగు రోజుల దిగులంతా దిగిపోయి, షాపులో నిలబడే నవ్వుకుంది.

అంతలోనే అడిగిన ఫోటో కూడా వచ్చింది. పైన టైం ఒంటిగంటా ఆరు. గోడ గడియారంలోనూ ఒంటిగంటా ఆరే. సంధ్య ముఖం వెలిగిపోయింది.

"చూసినవా అన్నా, నేను ఆయన టైం పెట్టుకున్న, ఆయన నా టైం పెట్టుకున్నడు. కోపమంత పైపైనే."

చంద్రమౌళి ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. టైం కింద చిన్న నీలం బటన్, ఆన్‌లో ఉంది. ఫోన్ ఆమె వైపు తిప్పి, ఆ బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆయన చేత్తోని పెట్టలేదు చెల్లె, ఆటోమేటిక్ మీదనే ఉంది. గీ ఫోన్ దుబాయ్‌ల లేదు, మన దేశంలనే ఉన్నది."