మూడోరోజు ఉప్పు

ఇంటింటికీ దావాలు విని తీర్పు చెప్పే న్యాయపెట్టె వచ్చాక పని పోయినవాళ్ళు కోర్టు మెట్లెక్కడం మానేశారు. పచ్చళ్ళ ఫ్యాక్టరీ తనను అన్యాయంగా తీసేసిందని మంగతాయారు కూడా వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూనే దావా వేసింది.

"సీలు వేసిన జాడీలు తెరిచారా?" పెట్టె అడిగింది.

"తెరిచానండి. ఆవకాయ మూడోరోజు తిరగేసి ఉప్పు చూడొద్దాండి మరి? మిషను కలిపేసిందని వదిలేస్తామా?"

"తెరవొద్దని మూడుసార్లు హెచ్చరించారు కదా?"

"హెచ్చరించారండి."

పెట్టె ఫ్యాక్టరీ రికార్డులన్నీ తెప్పించుకుంది. ఉప్పు చాలలేదని నాలుకకు ఎలా తెలుస్తుందో గంటసేపు అడిగింది. పంతొమ్మిదేళ్ళ కొలువులో ఆమెను ఎవరూ అడగని ప్రశ్నలవి. చివరికి దావాలో పస లేదని కొట్టేసింది.

"పోన్లెండి, చెప్పినమాట విననిది నేనే. ఇంతసేపు నా గోడు విన్నారు, అదే పదివేలు," అంది మంగతాయారు. ఆ శుక్రవారం పెట్టెకు బొట్టు పెట్టింది.

వేసవికల్లా ఇంటి అరుగు మీద సొంత ఆవకాయ అమ్మకానికి పెట్టింది. బోర్డు రాయించలేదు. ఓడిపోయిన ఆ తీర్పుకే ఫ్రేము కట్టించి వేలాడదీసింది. వచ్చినవాళ్ళు దాని చివరి వాక్యం చదివి డబ్బా ముందుకు చాపుతున్నారు:

"ఈమె తెరిచిన జాడీల్లో ఒక్కటి కూడా బూజు పట్టలేదు."