ఎల్డన్ వీపు

“జనం వైపు తిరిగి వాయిస్తే నీ సొమ్మేం పోతుంది, పెద్దాయనా?” అన్నాడు కార్విన్.

ఎల్డన్ తన బేస్ గిటారు తీగలు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“నా మొహంలో వాళ్లు చూసేదేముందిలే,” అన్నాడు.

ఇద్దరూ వేదిక వెనక గుడారంలో ఉన్నారు. బయట వెర్మాంట్ కొండల నడుమ, గడ్డి కోసేసిన పొలంలో, మధ్యాహ్నపు ఎండకి చొక్కాలు విప్పేసిన జనం అప్పుడే ఈలలు మొదలుపెట్టారు. ‘స్లో ఫెర్రీ’ బ్యాండు ఏటా తన వేసవి కచేరీల టూరు ఈ పొలంలోనే మొదలుపెడుతుంది.

గిటారు వాయించడానికి బ్యాండులో చేరి రెండేళ్లే అయినా కార్విన్‌కి దాని చరిత్ర కంఠతా వచ్చు. డ్రమ్ములు వాయించే రూఫస్, బేస్ వాయించే ఎల్డన్ అనే ఇద్దరు కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్లు బర్లింగ్టన్‌లో ఒక పిజ్జా కొట్టు మీది గదిలో దాన్ని పుట్టించారు. తుప్పుపట్టిన స్కూలు బస్సు కొని ఊరూరా తిరిగారు. రేడియోలో వాళ్ల పాట ఒక్కటీ మోగలేదు. అయినా జనం ఆ బస్సు వెంట పడ్డారు. ఎందుకంటే ఏ పాటా రెండోసారి మొదటిసారిలా ఉండేది కాదు. ఎత్తుకున్న పాట దారి తప్పి, అరగంట ఎక్కడెక్కడో తిరిగి, ఎవరూ అనుకోని చోట తేలేది. గిటారు వాయించేవాళ్లు వచ్చారు, పోయారు. ఒకడు తాగి చచ్చాడు. ఇంకొకడు దేవుణ్ణి వెతుక్కుంటూ పోయాడు. మొదటివాళ్లలో ఈ ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరిలో ఒకడు దండగని కార్విన్ గట్టి నమ్మకం.

మొదట్లో ఎల్డన్ కూడా అందరిలాగే జనం వైపు తిరిగి వాయించేవాడు. కొన్నేళ్ల కిందట ఉన్నట్టుండి డ్రమ్ముల వైపు తిరిగి, జనానికి వీపు చూపించడం మొదలుపెట్టాడు. పేరొచ్చాక పొగరెక్కిందన్నారు అభిమానులు. పోనీ అలాగైనా ఒద్దికగా నిలబడతాడా అంటే అదీ లేదు. మేకులు దిగేస్తున్నట్టు కాలు తాటిస్తాడు. కోడిపెట్టలా మెడ ముందుకు పొడుస్తాడు. పాట మలుపు తిరిగే చోట నోరింత తెరిచి కనుబొమలు ఎగరేస్తాడు. కిందటేడు ఒహైయోలో ఎవడో విసిరిన టమాటా సరిగ్గా అతని మెడ మీద పగిలింది. ఎల్డన్ తిరిగి చూడలేదు. తుడుచుకోనూ లేదు.

“దున్నపోతు మీద వాన,” అన్నాడు కార్విన్ ఆరోజు మేనేజరు నాడీన్‌తో.

రూఫస్ మీదా అతనికి పెద్ద గౌరవం లేదు. ముసలాడు ఫోనెత్తడు. వెనకనుంచి పిలిస్తే మహారాజులా పలకడు. చెప్పేదేదో ఎదురుగా వచ్చి విన్నవించుకోవాలి. బూట్లు విప్పేసి ఒట్టి పాదాలతో వాయించడం ఒకటి, పాతకాలపు హిప్పీ వేషం. కాకపోతే చేతిలో కర్రలు పడ్డాక మాత్రం అతణ్ణి అనడానికి కార్విన్‌కి మాట దొరికేది కాదు.

ఎల్డన్‌తో లాభం లేదని, నాడీన్‌ని వెంటబెట్టుకుని రూఫస్ దగ్గరికి నడిచాడు కార్విన్. రూఫస్ బస్సు మెట్ల మీద కూర్చుని డోనట్ తింటున్నాడు. ఎదురుగా వచ్చి నిలబడ్డాక గానీ తల ఎత్తలేదు.

“ఎల్డన్‌ని మార్చేయాలి. కనీసం తిప్పనైనా తిప్పాలి,” అన్నాడు కార్విన్.

రూఫస్ అతని మొహంలోకి చూశాడు. “వాడి వాయింపు కప్ప అరుపే. నేను కాదన్నానా?”

“మరి?”

“మా అమ్మ వంట కూడా బాగుండేది కాదు. అమ్మని మార్చామా?”

నాడీన్ కల్పించుకుంది. “ఇవాళ మన కచేరీని సినిమా తీస్తున్నారు, రూఫస్. మొత్తమంతా ఒక ముసలాడి వీపేనా?”

రూఫస్ చేతిలో డోనట్ ఆగింది. “వాడు తిరుగుతానంటే నాకేం,” అన్నాడు.

కార్విన్‌కి అంతే కావాలి.

మూడో పాట మంచి ఊపులో ఉండగా కార్విన్ గిటారు వాయిస్తూనే ఎల్డన్ పక్కకి చేరాడు. గబుక్కున భుజం పట్టుకుని జనం వైపు తిప్పేశాడు. పొలమంతా కేరింతలు. ఎల్డన్ మళ్లీ వెనక్కి తిరగబోయాడు. కార్విన్ నవ్వుతూ మెడ చుట్టూ చెయ్యేసి బిగించాడు.

“నవ్వు పెద్దాయనా, కెమెరాలున్నాయి.”

“వదులు,” అన్నాడు ఎల్డన్.

కీబోర్డు వాయించే అతను పాటని పక్కదారి పట్టించాడు. డ్రమ్ములు మాత్రం తిన్నగా పోయాయి. ముందు చిన్న తడబాటు, తర్వాత గోతిలో పడ్డ బండిలా ఒకటే గందరగోళం. పాట ఒక మూల, డ్రమ్ములు ఒక మూల. జనంలో నవ్వులు లేచాయి. ఎవరో పొలికేక పెట్టారు.

డ్రమ్ములు ఆగిపోయాయి.

కార్విన్ జనానికి నవ్వు మొహమే చూపిస్తూ, మైకు మూసి వెనక్కి అరిచాడు. “నిద్రపోతున్నావా ముసలోడా?”

రూఫస్ అతని వంక చూడనే లేదు. కర్రలు ఒళ్లో పెట్టుకుని, తప్పిపోయిన పిల్లాడిలా, ఎల్డన్ వీపునే చూస్తున్నాడు.

ఎల్డన్ మెడ మీది చేతిని విదిలించుకున్నాడు.

“వాడికి చెవులు వినపడక ఏళ్లయింది,” అన్నాడు.