రెండో మనిషి

నాచారంలోని ఆ ఫ్యాక్టరీ యూనియన్‌కు ఏళ్లతరబడి ఒక్కడే అధ్యక్షుడు. ఎదురు చెప్పినవాడికి మర్నాడు పని ఉండేది కాదు. అయినా ఆదివారం సభలో ఎన్నికలు అడగాలని బిక్షపతి, కొమురెల్లి రహస్యంగా అనుకున్నారు. ముందు కొమురెల్లి లేవాలి. వెంటనే బిక్షపతి లేచి బలపరచాలి.

శనివారం అధ్యక్షుడు కొమురెల్లిని ఇంటికి పిలిపించుకున్నాడు. కొమురెల్లి తిరిగొచ్చి ఉప్పల్‌లో బస్సు దిగుతుండగానే బిక్షపతి అతన్ని పక్కకు లాగాడు.

"ఏమడిగిండు?"

"ఏం లేదు బావా. బిడ్డకు జరమొచ్చిందట గదా, దవాఖానకు తీస్కపోయినవా అన్నడు. గంతే."

"గంత మాటకు ఇంటికి పిలుస్తడా?"

"నాకేమెరుక? నన్ను నమ్మవా?"

"నమ్ముత" అన్నాడు బిక్షపతి. కానీ నమ్మలేదు. తనను సభలో లేపి పట్టివ్వడానికే అధ్యక్షుడూ కొమురెల్లీ కూడబలుక్కున్నారనిపించింది.

సభలో కొమురెల్లి లేచాడు. "అన్నా, ఈసారి ఎలక్షన్ పెట్టాలె."

బిక్షపతి తల వంచుకుని కూర్చున్నాడు. ఇంకెవరూ కదల్లేదు.

అధ్యక్షుడు వేదిక దిగి కొమురెల్లి దగ్గరికి వచ్చాడు. "నీ ఎన్క ఎవలున్నర్రా? పేరు చెప్పు, నీ నౌకరి ఉంటది."

కొమురెల్లి బిక్షపతి వైపు చూడనైనా లేదు.

"ఎవ్వలు లేరన్నా. నేనొక్కణ్ణే."