మొదటి పిడికెడు

...అయినా అంత ముసలితనంలో అంత నాలుక ఏమిటి? పిల్లలు కుండ చుట్టూ కూచుని ఆకు ఉడికే వాసన పీలుస్తుంటే, వాళ్ళకంటే ముందు తనకు పెట్టమని చెయ్యి చాపడానికి మనసెలా ఒప్పుతుంది?

అనుకుంటూనే లింగమ్మ ఒడిలోని కూరాకు గిల్లుతోంది.

చెంచలి, గునుగు, తుమ్మి. చూడక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది. ఏ ఆకు కూరకు, ఏది దగ్గుకు, ఏది దెబ్బకు అన్నది అత్త నేర్పిన విద్య. గుట్టల్లోకి వచ్చాక అందరూ ఆకు తెచ్చి లింగమ్మకు చూపించాకే పొయ్యి మీద వేస్తున్నారు.

నలభై ఎనిమిది వానాకాలం. రజాకార్లు సూర్యాపేట దాటారన్న మాటకు, పెన్‌పహాడ్ పక్కనున్న ఆ పల్లె పల్లెంతా గుట్టల్లో చేరింది. తెచ్చుకున్న జొన్నలు అడుగంటాయి. మరిది మట్టయ్య గింజల కోసం కోదాడ వైపు పోయాడు. అతను వచ్చేదాకా లింగమ్మ తన ఇద్దరు పిల్లల ప్రాణాలు ఆకు మీదే నిలబెట్టాలి.

ముసలామె మిర్యాలగూడ దిక్కు నుంచి ఒక్కతే నడుచుకుంటూ వచ్చి వీళ్ళలో కలిసింది. పేరు అడిగితే చెప్పలేదు. పుల్లలు ఏరేది, నీళ్ళు మోసేది, ఎవరు ఏ పని చెప్పినా చేసేది. ఆ ఒక్క గుణమే బాగాలేదు. కూర దిగగానే "ముందుగాల నాకు పిడికెడు పెట్టు బిడ్డా" అనేది. తిని, కుండ మీద మూత పెట్టేది. "ఇంక ఉడకలే, జర ఆగున్రి" అని పిల్లలను దగ్గర కూచోబెట్టుకుని, కాకులనీ గొర్రెలనీ తలాతోకా లేని కథ ఒకటి సాగదీసేది.

తనకు ఉడికిన కూర పిల్లలకు ఉడకలేదట.

పక్క పొయ్యి బక్కమ్మ మొహం మీదే అనేసింది. "మా అత్తకు గూడ గింత మర్యాద జెయ్యలే అవ్వా."

ముసలామె నవ్వి ఊరుకుంది.

అలాంటి మనిషికి కాలు వాచిందని, వెచ్చజేసి కట్టడానికి తనే ఉమ్మెత్తాకు కూడా తెంపుకొచ్చింది. ఒడిలో ఒక పక్కన వేసుకుంది. తన బుద్ధే తక్కువ. లింగమ్మ చేతులు ఆకుల్లో ఉన్నాయి, మనసు ముసలామె మీద ఉంది. ఆ ఉడుకుమోతుతనంలోనే ఒడి దులిపి కుండలో వేసింది.

కూర దిగింది. ముసలామె చెయ్యి చాపింది.

"ఇయ్యాల పిల్లలు తిన్నంకనే నీకు," అంది లింగమ్మ.

"పిడికెడే బిడ్డా."

"పిడికెడైనా పిల్లలు తిన్నంకనే."

ముసలామె ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కుంటుకుంటూ ముందుకొచ్చి, గంటె లాక్కుని, నిండా తీసి నోట్లో పెట్టుకుంది. వేడికి తాళలేక గంటెను కుండలోనే వదిలేసింది.

కుండంతా ఎంగిలయింది.

ఏ ఇంటిదో, ఏ కులందో తెలియని మనిషి ఎంగిలి. ఎంత ఆకలైనా పిల్లలకు అది పెట్టే రోజు ఇంకా రాలేదనుకుంది లింగమ్మ. కుండ ఎత్తి బండ మీద కుమ్మరించింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు.

"ఇగ మాలో ఉండకు. ఎటన్న పో."

ముసలామె పారబోసిన కూరను ఒకసారి చూసి, బండ చాటుకు పోయి కూచుంది.

లింగమ్మ మళ్ళీ ఆకు ఏరుకుని వచ్చేసరికి బక్కమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"నీ అవ్వను సూడు పో. గాలిల దారాలు గుంజుతున్నది."

నిజమే. ముసలామె వేళ్ళు లేని పోగులను లాగుతున్నాయి. పెదాలు ఎండిపోయాయి. కంటి నల్లగుడ్డు కన్నంతా పరుచుకుంది. ఎదురుగా ఎవరూ లేని చోటికి చూస్తూ, "ఆగున్రి బిడ్డా, ఇంక ఉడకలే" అంటోంది.

ఆ కళ్ళు దేనివో లింగమ్మకు తెలుసు. వాచిన కాలికి కట్టాల్సిన ఉమ్మెత్తాకు కోసం ఒడి తడుముకుంది.

లేదు. అది కుండలోకి పోయింది.

చింతపండు నీళ్ళు తాగించి కక్కించారు. అప్పటికే విషం ఒంట్లోకి పాకింది. పొద్దు గూకకముందే ముసలామె మాట, వేళ్ళు రెండూ ఆగిపోయాయి.

పిల్లలు పక్కనే గులకరాళ్ళతో ఆడుకుంటున్నారు. వాళ్ళు బతికింది తన తెలివి వల్ల కాదు, తన కోపం వల్ల. లింగమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తానే ఇంకా పూర్తిగా చెప్పుకోలేదు.

తెల్లవారి మట్టయ్య జొన్నల మూటతో వచ్చాడు. మట్టి చెయ్యడానికి పడుకోబెట్టిన మనిషి మొహం చూసి మూట దించడం మరిచిపోయాడు.

"ఈమె ఈడికెట్ల వచ్చింది వదినె?"

"ఎరికేనా నీకు?"

"వెంకటనర్సమ్మ. మిర్యాలగూడ దిక్కు గుట్టలల్ల సూసిన. ఆకు గుర్తువట్టుడుల ఆమెకు మించినోళ్ళు లేరనేటోళ్ళు." మట్టయ్య గొంతు తగ్గించాడు. "తొలకరిల మనుమలకు అడివికూర వండి పెట్టింది. ఇద్దరూ పోయిన్రు. పిల్లలు తిన్నంక తిందామని ఈమె ఆగిందట."

లింగమ్మ మూట అందుకుని కింద పెట్టింది.

జొన్నలు ఎన్నాళ్ళో రావు. మర్నాడు మళ్ళీ గునుగు కూర ఎక్కించింది. ఒక్కొక్క ఆకూ విప్పి, వెలుతురుకు పట్టి చూసి వేసింది. కూర మెత్తగా ఉడికింది. పిల్లలు కంచాలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

లింగమ్మ పిడికెడు తీసి తను తిని, కుండ మీద మూత పెట్టి, "ఇంక ఉడకలే, జర ఆగున్రి" అంది.