రెండు రూపాయల పెంపు

డెబ్బై అయిదు దాటినవాళ్ళకు వృద్ధాప్య పింఛను నెలకు రెండు రూపాయలు పెంచారని, పేర్లు రాసుకోవడానికి గుమాస్తా మా ఊరు ముసునూరు వచ్చాడు. మామిడితోట కాపలా కాసే పెద్దిరాజు బాబాయి ఉన్నదున్నట్టు డెబ్బై నాలుగన్నాడు. పెంపు పోయింది.

“నువ్వయినా వయసు పెంచి చెప్పు పిన్నీ, సర్కారేమన్నా నీ పళ్ళు లెక్కపెడుతుందా?” అని ఆయన భార్య మాణిక్యం పిన్ని చెవిలో ఊదాను.

“డెబ్బై ఆరండీ,” అంది పిన్ని. గుమాస్తా రాసుకుని వెళ్ళిపోయాడు.

బాబాయి పగలబడి నవ్వాడు. “ఓసి నీ తెలివి తగలెయ్య! నాకంటే రెండేళ్ళు పెద్దదానివటే?”

“పెద్దదాన్నే మావా. అబద్ధం ఇవాళ ఆడలేదు. మన పెళ్ళికి మా అయ్య ఆడాడు. నన్ను నోరెత్తనివ్వలేదు.”

బాబాయి నవ్వు ఆగిపోయింది.

“మీ అయ్య పోయి నలభై ఏళ్ళయింది. మరి ఆ తర్వాత నీ నోరెవరు మూశారే?”