వంకర సబ్బు

"మరగనివ్వకు. మరిగితే బుడగలొస్తాయి," అంది అత్తగారు, సబ్బులు పోయడం ఉగ్గుపాలతో నేర్చుకున్నట్టు. నిజానికి ఆవిడ ఈ పని చూడడమే ఇదే మొదటిసారి.

కోడలు మంట తగ్గించింది. మరుగుతున్న నీళ్ళ మీద పెట్టిన గిన్నెలో సబ్బు ముక్కలు నీళ్ళంత తేటగా కరుగుతున్నాయి. ఇవాళ చిట్టి ఐదో పుట్టినరోజు. సాయంత్రం వచ్చేవాళ్ళకు తలా ఒక సబ్బు కానుకగా ఇవ్వాలి. అచ్చులో ఒక పొర పోసి, మీద ప్లాస్టిక్ చేపనో కారునో పెట్టి, స్పిరిట్ చల్లి, పైన ఇంకో పొర పోస్తోంది. బొమ్మ కోసం పిల్లలు చేతులు తెగ కడుక్కుంటారని ఆశ.

"మధ్యలో ఆ స్పిరిట్ ఎందుకు, దండగ?"

"పొరలు అతుక్కోవాలి కదత్తయ్యా. చల్లకపోయినా పైకి ఒకటిగానే కనిపిస్తాయి. తడి తగిలిందా, దేనికది ఊడొస్తుంది."

"కొన్ని కాపురాల్లాగా," అని తన మాటకు తనే పకపకా నవ్వింది అత్తగారు.

కోడలు నవ్వలేదు. ఈ వారమంతా ఆమె నోరు తెరిచి నవ్వింది లేదు. అన్నం కూడా మెత్తగా కలుపుకుని ఓ పక్కనే నములుతోంది. ఎడమ చెంప వాపు తీసింది గానీ, పౌడరు కింద నీలిమచ్చ ఇంకా పోలేదు.

"ఎవరైనా అడిగితే ఏమంటావు?"

"బాత్రూంలో జారిపడ్డానంటాను."

"అదీ. మావాడి కోపం పాలపొంగు. ఇట్టే వస్తుంది, ఇట్టే పోతుంది. గుట్టుగా ఉంటేనే సంసారం."

పాలపొంగు మహా అయితే పొయ్యిని పాడుచేస్తుంది. ఈ పొంగు మాత్రం ఎప్పుడూ కోడలి మీదే పడుతుంది. ఆమె ఫోను భర్త జేబులో ఉంటుంది, వీధి తలుపు తాళంచెవి అతని మొలలో ఉంటుంది.

ఇవాళ పిన్ని వస్తోంది. తల్లి పోయాక పెంచింది ఆ పిన్నే. ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడు బొమ్మ చెయ్యి విరిగినా, గాజు పగిలినా, ఆ ముక్క తీసుకెళ్ళి పిన్ని అరచేతిలో పెట్టేది. ఏం జరిగిందని పిన్ని అడిగేది కాదు. ఎవరు చేశారని మాత్రం అడిగేది, అడిగి ఊరుకునేదీ కాదు. ఒక్క నిమిషం పిన్నితో ఒంటరిగా దొరికితే చాలు, ఈ ఇంట్లోంచి తనూ చిట్టీ బయటపడతారు. ఆ ఒక్క నిమిషమే ఈ తల్లీకొడుకులు దొరకనివ్వరు.

బెలూన్లు ఎక్కడ కట్టారో చూడడానికి అత్తగారు హాల్లోకి వెళ్ళింది. కోడలు గబగబా నడుముకి దోపుకున్న చేతిరుమాలు తీసి ముడి విప్పింది. ఆఖరి అచ్చు సగం నింపింది. దీనికి స్పిరిట్ సీసా చేతిలోకి తీసుకుని, చల్లకుండానే పక్కన పెట్టేసి, పై పొర పోసేసింది.

సబ్బులు గట్టిపడ్డాక అచ్చుల్లోంచి తీస్తుంటే, అత్తగారు ఆఖరిదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేమిటే, సున్నపు ముద్దలా? పైగా వంకర!"

"బుడగలొచ్చాయత్తయ్యా. కనబడకుండా తెల్లరంగు కలిపాను."

"ఎవరికిస్తావు దీన్ని?"

"పిన్నికి. మన మనిషేగా, ఏమీ అనుకోదు. అందంగా ఉంటే మీ గులాబీ సబ్బులాగే షోకేసులో పెట్టేస్తుంది. ఇదైతే వాడుకుంటుంది. పొద్దస్తమానం చేతులు కడుక్కునే ఉద్యోగం కదా."

షోకేసులో గులాబీ సబ్బు ఎవరి పెళ్ళిలో ఇచ్చారో అత్తగారికే గుర్తులేదు. దుమ్ము పట్టి గోధుమరంగుకి తిరిగింది.

సాయంత్రం పిన్ని గుమ్మంలోనే కోడలి గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పింది. "ఏమే, ఈ చెంపేమిటి?"

"బాత్రూంలో జారిపడింది వదినగారూ. ఎంత చెప్పినా చూసుకోదు," అంది అత్తగారు, కోడలు పెదవి కదిపేలోపే.

భర్త పిన్నికి కుర్చీ వేశాడు, కేకు పళ్ళెం తెచ్చి ఇచ్చాడు, కుర్చీ వెనకే నిలబడ్డాడు. అల్లుడంటే అలా ఉండాలని ఎవరో అన్నారు కూడా.

"నవ్వమ్మా!" అంది చిట్టి, ఫొటో తీస్తుంటే. ఆమె పెదాలు బిగించి నవ్వింది.

సబ్బు తనే తెచ్చి పిన్ని సంచీలో పెట్టింది. "దాచుకోకు పిన్నీ. ఇవాళే వాడు."

"అంత తొందరేమిటే?"

"నా చేత్తో చేశాను. ఎలా ఉందో నువ్వే చెప్పాలి."

పిన్ని ఆమె వంక కాసేపు చూసింది. భర్త కుర్చీ మీద చెయ్యి వేశాడు. పిన్ని చూపు తిప్పుకుంది.

చివరికి పిన్ని సంచీ భుజాన వేసుకుని గేటు దాటింది. కోడలికి గుండెల మీది బరువు దిగినట్టయింది. పిన్ని ఈపాటికి ఆటో ఎక్కి ఉంటుంది, ఇంటికి వెళ్ళగానే చేతులు కడుక్కుంటుంది అనుకుంటూ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది.

"నీకు బుద్ధుందా?" అంది అత్తగారు, పళ్ళేలు దొంతర పెడుతూ. "అందరికీ ముత్యాల్లాంటి సబ్బులిచ్చి నీ పిన్నికి ఆ వంకరదా? నలుగురికీ చూపిస్తే మా పరువేం కాను? ఆవిడ కేకు తింటుంటే నేనే తీసేసి, చేప సబ్బు పెట్టాను."

కోడలి చేతిలో గ్లాసు జారి పగిలింది. "మరి... అది?"

"పారేస్తామా? బాత్రూంలో పెట్టాను. ఇంట్లో వాడుకోవడానికి వంకరైతేనేం?"

లోపల కుళాయి చప్పుడవుతోంది. కేకు క్రీము అంటిన చేతులతో భర్త అప్పుడే అటు వెళ్ళాడు. ఆమె గాజుముక్కలు తొక్కుకుంటూ పరుగెత్తింది.

తలుపు తీసే ఉంది. కుళాయి పోతూనే ఉంది, అతను కట్టలేదు. సబ్బు రెండు చెక్కలై సింకులో పడి ఉంది.

"ఇది ఎవరికి పంపుదామనుకున్నావు?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

అతని అరచేతిలో ఆమె పన్ను ఉంది.